చర్చి చుట్టూ కోట గోడ ఎందుకు? ఆ గోడలో 272 గదులు ఎవరివి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "రొమేనియాలో బ్రషోవ్ వెళ్లినప్పుడు పక్కనే ప్రెజ్మెర్ అనే ఊళ్లో చర్చి చూశాను. చూడబోతే చిన్న ఊరు, చుట్టూ పొలాలు. చర్చి చుట్టూ మాత్రం గోల్కొండలా గోడ. లోపలివైపు ఆ గోడకు అతుక్కుని వందల గదులు. అవి సైనికుల బ్యారక్‌లా? మతయుద్ధాల కోసం కట్టారా? అసలు రొమేనియాలో ఈ జర్మన్ పేర్ల ఊళ్లేమిటి, ఆ జనం ఇప్పుడెక్కడ?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. అవి బ్యారక్‌లు కావు. ఊళ్లోని ఇళ్లకు పంచిన గదులవి. దండు వచ్చినప్పుడు పిల్లాజెల్లా తలదాచుకోవడానికి, రాని రోజుల్లో గింజలు దాచుకోవడానికి. గోడ మీద నిలబడి కాపలా కాసింది కూడా ఆ రైతులే. వాళ్ల నెత్తిన దొర లేడు, జీతగాళ్ల సైన్యమూ లేదు. మతం కోసం కట్టిందీ కాదు, దాని సంగతి కింద చెబుతాను. చర్చి చుట్టూ కట్టుకున్న ఊరుమ్మడి గాదె అనుకోండి, మీ సందేహాలు సగం అక్కడే తీరతాయి.

నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను. జర్మనీలో చదువుకునేటప్పుడు రెండు వేసవులు, ఆ తర్వాత ఉద్యోగంలో కొన్నాళ్లు ట్రాన్సిల్వేనియా (రొమేనియాలో మీరు చూసిన ఆ ప్రాంతం పేరే అది) పల్లెల్లో టేపు పట్టుకుని గోడలు కొలుస్తూ, పగుళ్లు కాగితం మీద గీస్తూ తిరిగాను. అందుకని చరిత్ర పాఠంలా కాక, మేస్త్రీ చూపుతోనే చెబుతాను. మధ్యలో దారి తప్పితే ఏమీ అనుకోకండి.

మొదట ఆ జనం సంగతి. 12వ శతాబ్దంలో ట్రాన్సిల్వేనియా హంగరీ రాజ్యంలోది. కార్పాతియన్ కొండలు దాటితే రాజు మాట చెల్లదు. ఆ అంచున మంచి నేల ఉంది, దున్నేవాళ్లు లేరు, కాపలా కాసేవాళ్లు అంతకన్నా లేరు. రెండో గేజా రాజు (పాలన 1141–1162) పడమటి దేశాల రైతులను రమ్మన్నాడు. రైన్, మొజెల్ నదుల పక్క పల్లెల నుంచి, లక్సెంబర్గ్, ఫ్లాండర్స్ వైపు నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. రాజుగారి కచేరీ రాతల్లో చివరికి అందరికీ కలిపి పడిన పేరు సాక్సన్లు. నిజానికి వాళ్లలో చాలామందికి సాక్సనీతో సంబంధం లేదు. మన దగ్గర బట్టల కొట్టు పెట్టిన ప్రతి ఉత్తరాదివాణ్ణీ మార్వాడీ అనేసినట్టు. వాళ్ల పల్లె మాట ఇప్పటికీ జర్మన్ పాఠ్యపుస్తకాల భాష కన్నా లక్సెంబర్గ్ భాషకే దగ్గరగా ఉంటుంది.

వచ్చినవాళ్లు ఊరికే రాలేదు, షరతుల మీద వచ్చారు. 1224లో రెండో ఆండ్రూ రాజు వాటిని పత్రం మీద పెట్టి ముద్ర వేశాడు. ఏటా 500 మార్కుల వెండి రాజుకు కట్టాలి. రాజ్యం లోపల యుద్ధమైతే 500 మంది మనుషుల్ని పంపాలి, సరిహద్దు దాటి రాజే స్వయంగా దండు నడిపితే 100 మందిని. బదులుగా వాళ్ల ఫాదర్‌ను వాళ్లే ఎన్నుకోవచ్చు, తగవులు వాళ్లలో వాళ్లే తీర్చుకోవచ్చు, వర్తకులకు సుంకం లేదు. వాళ్ల నేల మీద జమీందారు అనేవాడు ఉండడు. ఈ హక్కులు మొదట సిబియు చుట్టుపక్కల ఊళ్లకు దక్కాయి, మీరు చూసిన బ్రషోవ్ వైపు ఊళ్లకు ఆ తర్వాతే వచ్చాయి.

ఈ జమీందారు లేకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మీ ప్రశ్నకు అసలు కీలకం ఇక్కడే ఉంది. మాది జనగామ వైపు పల్లె. మా ఊళ్లో బురుజు ఉండేది, పక్క ఊళ్లో గడి ఉంది. గడి గోడలు ఎంత ఎత్తున్నా అవి దొరవి. లోపలి గరిసెలు దొరవి, కాపలావాడు దొర మనిషి. ఊరివాళ్లు ఆ గోడ లోపలికి పోయేది వెట్టికో, పంచాయతీకో. ప్రెజ్మెర్‌లో అడుగుపెట్టిన మొదటి రోజు నాకు తెలియకుండానే ఆ గడే కళ్లలో మెదిలింది. దొర ఇల్లు ఎక్కడుందా అని వెతికాను. లేదు. మధ్యలో చర్చి, చుట్టూ గూళ్లలా రైతుల గదులు, అంతే. దొర ఉన్న చోట దొర కోట కడతాడు. దొర లేని చోట ఊరే కట్టుకోవాలి. ఊరికి ఉమ్మడిగా ఉన్న ఒకే ఒక్క రాతి కట్టడం చర్చి. గంట కట్టిన గోపురం ఎలాగూ ఉంది, అది ఎక్కితే చుట్టూ కనిపిస్తుంది. చుట్టూ శ్మశానం కాబట్టి ఖాళీ జాగా ఉంది. కోటకు కావలసిన సరంజామా సగం అప్పటికే అక్కడుంది, గోడ కడితే చాలు.

దీనికి తిరగేసిన కథ ఒకటి కల్నిక్ అనే ఊళ్లో ఉంది. అక్కడ 13వ శతాబ్దంలో ఒక ప్రభువు కుటుంబం తమ కాపురానికి రాతి బురుజు కట్టుకుంది. 1430లో ఆ కుటుంబం దాన్ని అమ్మేసింది. కొన్నది ఎవరనుకుంటున్నారు? ఊరి రైతులు. దొర గడిని ఊరు చందాలేసుకుని కొనుక్కుని, దాని చుట్టూ మరో గోడ కట్టి గాదె చేసుకుంది. ఈ సంగతి మా నాన్నకు ఫోన్‌లో చెబితే చాలాసేపు నవ్వారు.

ఇక ప్రెజ్మెర్. జర్మన్‌లో ఆ ఊరి పేరు టార్ట్‌లావ్. 1211లో హంగరీ రాజు ఆ ప్రాంతాన్ని ట్యుటానిక్ నైట్లు అనే సన్యాసి యోధులకు కాపలాకిచ్చాడు. వాళ్లు సొంత రాజ్యం పెట్టేలా ఉన్నారని 1225లో వెళ్లగొట్టాడు. 1240లో నాలుగో బేలా రాజు ఆ వైపు నాలుగు ఊళ్ల చర్చిలను సిస్టర్షియన్ సాధువులకు రాసిచ్చాడు, టార్ట్‌లావ్ వాటిలో ఒకటి. ఆ మరుసటి ఏడే, 1241లో, మంగోలులు వచ్చి దేశమంతా తొక్కేశారు. మీరు చూసిన చర్చి మొదట నాలుగు చేతులూ సమానంగా ఉన్న శిలువ ఆకారంలో ఉండేది. ఒక చేయి పొడవుగా కనిపిస్తుంది చూడండి, అది తర్వాత పెంచింది.

గోడ మాత్రం చర్చి కన్నా చిన్నది. ఒక తరం పని కాదది, 15వ శతాబ్దం నుంచి విడతలు విడతలుగా పెరిగింది. కారణం తుర్కుల దాడులు. 1395లో బ్రషోవ్ వైపు మొదటిసారి కొండ కనుమలు దాటి వచ్చారు. 1421లో బ్రషోవ్‌నే తగలబెట్టారు. ప్రెజ్మెర్ బుజావ్ కనుమకు దగ్గర. ఆ వైపు నుంచి దండు దిగితే మొదట తగిలే ఊళ్లలో ఇదొకటి.

ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోవాలి: వచ్చేది రాజ్యాన్ని జయించే సైన్యం కాదు, దోచుకుపోయే గుర్రపు దండు. మా పెద్దవాళ్లు చెప్పే పిండారీల కథల్లాంటిదే. గింజలు, పశువులు, అన్నిటికన్నా విలువైన సరుకు మనుషులు. పట్టుకుపోయి బానిసలుగా అమ్మేస్తారు. వాళ్లు తేలికగా వస్తారు, తొందరగా పోతారు. పెద్ద ఫిరంగులు లాక్కొచ్చే తీరిక వాళ్లకుండదు. ఒక్క ఊరి దగ్గర వారం రోజులు కూర్చుంటే ఈలోగా చుట్టుపక్కల జనమంతా అడవుల్లోకి జారుకుంటారు. కాబట్టి రైతు కట్టుకునే గోడ అజేయంగా ఉండనక్కర్లేదు. "ఈ ఊరితో పెట్టుకుంటే మనకే నష్టం" అని వాళ్లకు అనిపిస్తే చాలు. ప్రెజ్మెర్ గోడ ఎత్తు దాదాపు 12 మీటర్లు, మందం 3 మీటర్ల పైమాటే. బయట నీళ్ల కందకం ఉండేది. లోపలికి ఒక్కటే దారి, దాదాపు 30 మీటర్ల పొడవున్న సొరంగం లాంటి కప్పువేసిన బాట, మధ్యలో పైనుంచి దిగే ఇనుప పళ్ల తలుపు. దోచుకోవడానికి వచ్చినవాడికి ఇది బేరం కుదరని వ్యవహారం.

ఆ భయం ఎలాంటిదో తెలియాలంటే సెబెష్ పట్టణంలో ఒక బురుజు చూడాలి. 1438లో సుల్తాన్ రెండో మురాద్ సేనలు వచ్చినప్పుడు పట్టణం లొంగిపోయింది. కొందరు ఒప్పుకోక ఆ బురుజులో దూరి తలుపులేసుకున్నారు. దానికి నిప్పు పెట్టారు. ప్రాణాలతో బయటపడ్డ కొద్దిమందిలో పదహారేళ్ల విద్యార్థి ఒకడు. వాణ్ణి బానిసగా అమ్మారు. ఇరవయ్యేళ్లు చేతులు మారి, 1458లో విడుదలై రోమ్ చేరి, తుర్కుల ఆచారాల గురించి రాశాడు. ఆశ్చర్యం ఏమిటంటే ఆ రాతలో తిట్లతో పాటు మెచ్చుకోలూ ఉంటుంది: వాళ్ల శుభ్రత, వాళ్ల నిరాడంబరత. దాన్ని ఇప్పటికీ విద్యార్థి బురుజు అనే పిలుస్తారు.

సరే, గదుల దగ్గరికి వద్దాం. ప్రెజ్మెర్‌లో లెక్కకు 272. మూడు నాలుగు అంతస్తులుగా, కొయ్య మెట్లూ వసారాలూ వేసి గోడకు లోపలివైపు పేర్చారు. తలుపుల మీద నంబర్లు చూసే ఉంటారు. ఊళ్లో ఇంటి నంబరు ఏదో గది నంబరూ అదే. దీని సౌకర్యం ఎక్కడంటే, అర్ధరాత్రి గంట మోగినప్పుడు ఎవరు ఎక్కడికి పరుగెత్తాలో ఎవరూ ఎవర్నీ అడగనక్కర్లేదు. దాదాపు 1,600 మంది ఇలా సర్దుకునేవాళ్లని అంచనా. నేను కొలిచిన గదుల్లో ఎక్కువభాగం మన పాతకాలపు వంటింటి కన్నా చిన్నవి. ఐదారుగురు పడుకుంటే కాళ్లు చాపలేరు. నెలల తరబడి కాపురముండే చోటు కాదది, పది పన్నెండు రోజులు ఊపిరి బిగబట్టుకుని ఉండే చోటు. పశువులు కింద ఆవరణలో. బావి లోపలే. పిల్లలకు బడి కూడా లోపలే ఉంది, ఆ తరగతి గదిని అలాగే ఉంచారు, బల్లలతో సహా.

దాడులు ఏటా ఉండవు కదా. మిగతా రోజుల్లో ఆ గదుల్లో ధాన్యం పెట్టెలు ఉండేవి. మనవాళ్లు పాతర తీసి జొన్నలు పూడ్చింది ఎందుకో వీళ్లూ అందుకే: ఊళ్లో ఇల్లు తగలబడినా, దొంగ పడినా, వచ్చే పంట దాకా తిండి, మళ్లీ చల్లడానికి విత్తనం మిగలాలి. చాలా ఊళ్లలో ఒక బురుజును పందికొవ్వుకు వదిలేశారు. దాని పేరే కొవ్వు బురుజు. గోడలు మందం, లోపల ఎండాకాలమూ చల్లగా ఉంటుంది. ఒక్కో ఇంటికి ఒక కొక్కెం, కొవ్వు పలక మీద ఆ ఇంటి ముద్ర. తాళం తీసే వేళ అందరికీ ఒకటే, కాబట్టి పక్కవాడి పలక కోసుకోవడం కుదరదు. ఇది చచ్చిపోయిన ఆచారం అనుకునేరు. దర్జియు అనే ఊళ్లో మన కాలం దాకా కోట బురుజులోనే కొవ్వు వేలాడదీసుకుంటూ వచ్చారు. అక్కడ ఇనుప కొక్కేల వరస కింద నిలబడితే వచ్చే పొగ వాసన నాకింకా గుర్తుంది. నేను మాంసం తినను, అయినా చెడుగా అనిపించలేదు.

(ఒక సవరణ కూడా ఇక్కడే. దర్జియు సాక్సన్ల ఊరు కాదు. హంగేరియన్ మాట్లాడే సెకెయ్‌లది. ఈ రకం చర్చి కోటలన్నీ జర్మన్లవే అని చాలా చోట్ల రాస్తారు, పొరపాటు. పక్కవాళ్ల పద్ధతి బాగుందని సెకెయ్‌లూ కట్టుకున్నారు.)

ఇప్పుడు "మతం కోసం కట్టారా?" అన్నదానికి. తుర్కులు ముస్లింలు కాబట్టి, చర్చి కాబట్టి, ఇదంతా మతయుద్ధం అనిపించడం సహజం. కానీ ఆ ఊళ్లను కొట్టినవాళ్ల జాబితా చూడండి. డ్రాకులా పేరుతో టీషర్టుల మీద అమ్ముడుపోయే మూడో వ్లాద్ ఉన్నాడే, ఆ క్రైస్తవ ప్రభువు 1457 నుంచి 1460 మధ్య బ్రషోవ్ వైపు సాక్సన్ ఊళ్లను తగలబెట్టాడు. గొడవ వర్తక సుంకాలది, తన గద్దెకు పోటీదారులను వాళ్లు దాచారన్నదీను. ఇక ప్రెజ్మెర్ కోట చేజారింది ఒక్కసారేనని చెబుతారు, 1611లో. పట్టుకున్నది ట్రాన్సిల్వేనియా ప్రభువు గాబ్రియేల్ బాతొరి. ఆయనా క్రైస్తవుడే, పైగా సొంత ప్రభువు. అంతకుముందు ఏడాది సిబియు పట్టణాన్ని ఆక్రమించి, తర్వాత బ్రషోవ్ మీద పడ్డాడు. రైతుకు గుర్రం మీద వచ్చేవాడి మతంతో పనిలేదు, వాడు గాదె వైపు చూస్తున్నాడా లేదా అన్నదే లెక్క.

దీనికి ఇంకో సాక్ష్యం బ్రషోవ్‌లోని నల్ల చర్చిలో వేలాడుతోంది. మీరు చూసే ఉంటారు: అనటోలియాలో నేసిన తుర్కీ తివాచీలు, ఒకటీ రెండూ కాదు, 200 దాకా. సాక్సన్ వర్తకులు తుర్కులతో వ్యాపారం చేసి తెచ్చి చర్చికి కానుకిచ్చినవి. ఎవరికి భయపడి గోడ కట్టారో వాళ్ల మగ్గం మీద పువ్వులే పక్కనే ఉన్న పట్టణం చర్చికి అలంకారం. 16వ శతాబ్దం నడిమిలో ఈ జనం మార్టిన్ లూథర్ ప్రొటెస్టెంట్ మతంలోకి మారి, గోడల మీది పాత బొమ్మలకు సున్నం కొట్టేశారు. బోసిపోయిన ఆ చర్చిలకు ఈ తివాచీలు రంగు తెచ్చాయి.

ఇంతమంది రైతులు ఇంత కట్టడాన్ని వందల ఏళ్లు ఎలా నిలబెట్టారన్నది నాకు వృత్తిరీత్యా అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. దానికి జవాబు రాతిలో లేదు. వాళ్లు నాహ్‌బార్‌షాఫ్ట్ అని పిలుచుకున్న ఏర్పాటులో ఉంది, అంటే ఇరుగుపొరుగు సంఘం. ఒక వీధిలో ఇన్ని ఇళ్లు కలిసి ఒక సంఘం, దానికో పెద్ద. బావి పూడిక తీయాలన్నా, గొయ్యి తవ్వి శవాన్ని మోయాలన్నా, ఎవరిదైనా ఇల్లు కడుతుంటే దూలం ఎత్తాలన్నా, కోట మీద తమ వంతు పెంకులు సర్దాలన్నా సంఘం కబురు పెడుతుంది. రాకపోతే జరిమానా. ఏడాదికోసారి లెక్కలు చూసుకునే రోజున, భోజనానికి కూర్చునే ముందు తగాదాలున్నవాళ్లు రాజీ పడాలి. ఈ సంఘాల కాగితాలూ డబ్బులూ ఉంచే కొయ్య పెట్టెలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. మన కులపెద్దల పంచాయతీలు గుర్తొస్తే తప్పులేదు. ఆ కట్టుబాట్లలో ఉండే ఉక్కిరిబిక్కిరి కూడా అలాగే ఉండేది. ఊళ్లో ఎవరు ఏ బల్ల మీద కూర్చోవాలో కూడా చర్చిలో నిర్ణయమై ఉండేది.

బియర్తాన్ కథ ఇక్కడ చెప్పకపోతే ఎవరో ఒకరు కింద అడుగుతారు. మూడు చుట్ల గోడలున్న పెద్ద చర్చి కోట అది. 1572 నుంచి 1867 దాకా లూథరన్ బిషప్పుల పీఠం. విడాకులు కావాలన్న జంటను అక్కడ ఒక చిన్న గదిలో పెట్టి తాళం వేసేవాళ్లట: ఒకే మంచం, ఒకే కంచం, ఒకే చెంచా. మూడు వందల ఏళ్లలో ఒక్క జంటే విడిపోయిందని గైడ్లు చెబుతారు. గది ఉన్నమాట నిజం. ఆ లెక్క మాత్రం నేను నమ్మను. తాళం వేసిన గదిలోంచి బయటపడాలంటే "రాజీపడ్డాం" అనడం కన్నా దగ్గరి దారేముంది? నన్నడిగితే బియర్తాన్‌లో చూడాల్సింది గది కాదు, లోపలి చిన్న అరకు వేసిన 1515 నాటి తాళం. ఒక్క చెవి తిప్పితే తలుపు చుట్టూ పదికి పైగా గడియలు ఒకేసారి కదులుతాయి. 1900లో పారిస్ ప్రదర్శనకు తీసుకెళ్లి చూపించారు. దాని పళ్లచక్రాలూ మీటలూ చూస్తూ నేను మధ్యాహ్నం భోజనం మానేశాను.

1700 తర్వాత హాబ్స్‌బర్గ్‌ల పాలన వచ్చి దాడులు ఆగిపోయాయి. గోడలతో పనిలేకపోయింది. కొన్ని ఊళ్లు గోడలు కూల్చి ఆ రాయితో బడులూ పంచాయతీ భవనాలూ కట్టుకున్నాయి. కొన్నిచోట్ల గాదెగా వాడుకుంటూ ఉండిపోయారు, అవే మిగిలాయి. ఒకప్పుడు 300 దాకా ఉండేవని అంచనా, ఇప్పుడు సగం, 150 చిల్లర. యునెస్కో 1993లో బియర్తాన్‌ను, 1999లో దానికి జతగా ప్రెజ్మెర్, విస్క్రి, కల్నిక్, సస్కీజ్, వాలేయా వీలోర్, దర్జియులను వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ జనం ఇప్పుడెక్కడ? చాలామటుకు జర్మనీలో. మీరు జర్మనీలో ఉద్యోగం చేస్తుంటే మీ సహోద్యోగుల్లో ఒకరో ఇద్దరో ఉండొచ్చు, అడిగి చూడండి. 1930లో ట్రాన్సిల్వేనియా సాక్సన్లు 2,30,000 పైచిలుకు ఉండేవాళ్లు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ పక్కన చేరిన పాపానికి, చేరని పాపానికి కూడా, 1945 జనవరిలో 17 నుంచి 45 ఏళ్ల మగవాళ్లనూ 18 నుంచి 30 ఏళ్ల ఆడవాళ్లనూ సోవియట్ గనులకు, కర్మాగారాలకు వెట్టికి తోలుకుపోయారు. అదే ఏడాది పొలాలు పోయాయి. తర్వాత రొమేనియా కమ్యూనిస్టు నియంత చౌషెస్కూ ప్రభుత్వం వలసకు అనుమతి ఇవ్వడానికి పశ్చిమ జర్మనీ నుంచి తలకింత అని డబ్బు పుచ్చుకుంది, రొమేనియా జర్మన్లు రెండు లక్షల మందికి పైగా అలా వెళ్లారు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలింది, సరిహద్దు తెరుచుకుంది. 1990 ఒక్క ఏడాదిలోనే దేశంలోని జర్మన్లు లక్ష మందికి పైగా వెళ్లిపోయారు. మంగోలులకూ తుర్కులకూ ఖాళీ కాని ఊళ్లు ఆరునెలల్లో ఖాళీ అయ్యాయి. ఇప్పుడు సాక్సన్లు మిగిలింది 12,000 అటూఇటూ. వాళ్లలో సిబియు పట్టణానికి చెందిన క్లాస్ యోహానిస్ 2014 నుంచి 2025 దాకా రొమేనియా అధ్యక్షుడుగా ఉన్నాడు.

జనం పోయాక గోడలకు ఏమైంది? ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. 2016 ఫిబ్రవరిలో వారం వ్యవధిలో రెండు ఊళ్లలో, రోవదేష్‌లోనూ రోత్‌బావ్‌లోనూ, చర్చి గోపురాలు కూలిపోయాయి. అంతటి గోపురాలు ఉన్నట్టుండి కూలాయంటే భూకంపమా, పునాదా అనిపిస్తుంది. ఇలాంటి కట్టడాల్లో నేను చూసినంతవరకు జబ్బు చాలా చిన్నదానితో మొదలవుతుంది. ఒక పెంకు జారుతుంది. వాన నీళ్లు గోడ నడుమకు దిగుతాయి. ఈ గోడలు లోపలా బయటా రాయి పేర్చి, నడుమ రాళ్లముక్కలూ సున్నమూ పోసినవి. నడుమ సున్నం కరిగితే గోడ పొట్ట ఉబ్బుతుంది. ఉబ్బు కనిపించేసరికి పదిహేను ఇరవై ఏళ్లు గడిచిపోతాయి. సంఘం ఉన్న రోజుల్లో ఎవరి వంతు పెంకులు వాళ్లు వసంతంలో చూసుకునేవాళ్లు, ఆ జబ్బు పుట్టేదే కాదు.

నేను పనిచేసిన ఒక చిన్న ఊళ్లో (పేరు చెప్పను, పాపం వాళ్లు మంచి మనసుతోనే చేశారు) వెళ్లిపోయినవాళ్లు జర్మనీ నుంచి చందాలు పంపి చర్చికి "గట్టి" మరమ్మతు చేయించారు. గట్టి అంటే సిమెంటు. సున్నపు గోడ కింది భాగమంతా సిమెంటు పూత. చూడటానికి ముచ్చటగా ఉంది. గోడలోని చెమ్మ బయటికి పోయే దారి లేక పైపైకి పాకి, ఆరేళ్లలో పూత పైన ఉన్న పాత ఇటుక పొడిగా రాలింది. మేం చేసిందల్లా ఆ పూత చెక్కేయడం, గోడ చుట్టూ నీళ్లు పారే కాలువ బాగుచేయడం, మళ్లీ సున్నమే పూయడం. మన ఊళ్లలో పాత గుళ్లకూ బురుజులకూ ఇదే తప్పు జరుగుతోంది. డంగు సున్నం గోడకు సిమెంటు పూసి "పునరుద్ధరణ" అని బోర్డు పెడతారు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా గుడి కమిటీల్లో ఉంటే దయచేసి ఈ ఒక్కమాట వినండి.

ఒకటి రెండు జాగ్రత్తలు. ప్రెజ్మెర్ 50 సార్లు ముట్టడికి గురైందని అన్నిచోట్లా రాస్తారు. దాన్ని "50 సార్లు దండు ఊరి దాకా వచ్చింది" అని చదువుకోండి, ప్రతిదీ ముట్టడి కాదు. అక్కడ చూపించే "మృత్యు వాద్యం", అంటే తిరిగే చెక్కకు వరసగా తుపాకీ గొట్టాలు బిగించి ఒకేసారి పేల్చే యంత్రం, ఫొటోలకు బాగుంటుంది. నా లెక్కలో అంతకన్నా పనికొచ్చిన ఆయుధం గోడ పైన వసారాలో నేల పొడవునా వదిలిన సందులు. గోడ పాదం దగ్గర నిచ్చెన వేసేవాడి నెత్తిన నేరుగా రాయి, మరిగే నీళ్లు పడతాయి. ఆ పనికి ఆడవాళ్లూ పిల్లలూ చాలు.

మళ్లీ వెళ్తే ప్రెజ్మెర్ ఒక్కటే చూసి రావద్దు. బ్రషోవ్ నుంచి అదే దారిలో ముందు హర్మన్ అనే ఊరు వస్తుంది, అక్కడ కోట గోడలోని చిన్న ప్రార్థన గదిలో 15వ శతాబ్దపు అంతిమ తీర్పు బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక రోజు ఎక్కువుంటే విస్క్రి వెళ్లండి. ఇప్పటి బ్రిటన్ రాజు చార్లెస్ యువరాజుగా ఉన్నప్పుడు 2006లో ఇల్లు కొన్న ఊరదే, అందుకని కొంచెం జనం ఉంటారు. పొద్దున్నే వెళితే ఆవుల మంద తప్ప ఎవరూ ఎదురుపడరు. పేరులేని చిన్న ఊళ్లలో చర్చికి తాళం వేసి ఉంటే వెనక్కి తిరగకండి. తలుపు మీద ఫోన్ నంబరు ఉంటుంది, లేకపోతే ఎదురింట్లో అడగండి. నాకు రెండుసార్లు తాళంచెవి ఇచ్చింది ఎనభై దాటిన ముసలామె. అరచేయంత ఇనుప చెవి, ఏప్రన్ జేబులోంచి తీసి ఇచ్చి, "గదుల పైమెట్టు విరిగింది, చూసి ఎక్కు" అంది.